పగలంతా పిల్లల్ని చూసేది అవ్వలే: ఒక మాంటిస్సోరి సెంటర్ కేస్ స్టడీ

ఈ కేస్ కర్నూలు జిల్లా పడమటి వైపు ఉన్న ఒక పట్టణంలోది. ఊరి పేరు, వీధి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు, పిల్లల వివరాలు కొన్ని మార్చాను. పేదల వాడల్లో మాంటిస్సోరి సెంటర్, అంటే చిన్నపిల్లలు సామాన్లతో చేత్తో పని చేస్తూ నేర్చుకునే గది, పెడదామనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది సామాన్ల గురించి, ఖర్చు గురించి, టీచర్ ఎక్కడ దొరుకుతుందని. ఈ కేస్‌లో అవన్నీ ఉన్నాయి కానీ సెంటర్ నిలబడుతుందా లేదా అన్నది వాటి దగ్గర తేలలేదు. ఆ వీధిలో పగలు పిల్లల్ని ఎవరు చూసుకుంటున్నారు, వాళ్ల మాట ఈ గదిలో చెల్లుతుందా లేదా అన్న దగ్గరే తేలింది. అందుకే వివరంగా రాస్తున్నా.

వీధి

పత్తి జిన్నింగ్ మిల్లుల వెనకాల వాడ. ఇరుకు సందులు, బండలు పరిచిన ఒకటి రెండు గదుల ఇళ్లు, ఇంటి ముందు అరుగు. సగం ఇళ్లలో తెలుగు, మిగతావాటిలో ఎక్కువగా ఉర్దూ, కొన్నిట్లో కన్నడ. మగవాళ్లు హమాలీ, బేల్దారి పనులకు పోతారు, ఆడవాళ్లు మిల్లుకో పొలం కూలికో పోతారు. కొళాయి నీళ్లు రోజూ రావు, వచ్చిన రోజు వీధి వీధంతా బిందెలతో బయటే ఉంటుంది.

వానలు సరిగ్గా పడని ఏడు సగం ఇళ్లకు తాళాలు పడతాయి. దసరా దాటాక పత్తి తీయడానికి, సంక్రాంతి అయ్యాక గుంటూరు వైపు మిరపకాయల కోతకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు, చాలామంది ఉగాదికి గానీ తిరిగి రారు. బడి వయసు పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి గానీ మూడేళ్లు, నాలుగేళ్ల వాళ్లకు అలాంటిదేమీ లేదు. వాళ్లయితే అమ్మానాన్నలతో పాటు బండెక్కాలి, లేకపోతే అవ్వ దగ్గర ఉండిపోవాలి.

వీధి చివర అంగన్‌వాడీ ఉంది. గుడ్డు, పాలు, మధ్యాహ్నం భోజనం అక్కడే, గది మాత్రం చిన్నది. కాస్త డబ్బు కలిసొచ్చిన ఇళ్ల పిల్లలు టై కట్టుకుని కాన్వెంట్ ఆటో ఎక్కుతారు, మిగతా తల్లులు దాన్ని చూస్తూ ఉంటారు.

వాళ్లు అడిగింది, మేం ఒప్పుకున్నది

మా సంస్థను పిలిచింది పొదుపు సంఘం ఆడవాళ్లు. వాళ్లు మాంటిస్సోరి అడగలేదు. తక్కువ ఫీజుతో ఒక ఇంగ్లీషు కాన్వెంట్ లాంటిది కావాలన్నారు, మూడేళ్లకే ఏబీసీడీలు రాయాలన్నారు. ఇంకా గట్టిగా అడిగితే అసలు బాధ బయటకొచ్చింది. పెద్ద పిల్లలు ఒకటో తరగతిలో చేరాక ఏమీ అర్థం కాక, కూర్చోలేక, రెండో ఏడు నుంచే బడి ఎగ్గొడుతున్నారు. చిన్నవాళ్ల సంగతీ అంతే అవుతుందని భయం.

ఇక్కడ మొదటి నిర్ణయం, అడిగినట్టే కాన్వెంట్ లాంటిది పెట్టాలా వద్దా అని. పెట్టకూడదనుకున్నాం. మాంటిస్సోరి మీద అభిమానంతో కాదు. తరగతి మొత్తానికి ఒకేసారి పాఠం చెప్పే పద్ధతిలో, నాలుగు నెలలు సుగ్గికి పోయొచ్చిన పిల్ల ఎప్పటికీ వెనకబడే ఉంటుంది. పాఠం ఆగదు కదా. మాంటిస్సోరి గదిలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు కలిసి ఉంటారు, ఎవరి పని వాళ్లది, ఎవరు ఎంతవరకు వచ్చారో విడిగా రాసుకుంటారు. వెళ్లిన పిల్ల తిరిగొచ్చి వదిలిన చోటి నుంచి ఎత్తుకోవచ్చు. సుగ్గికి పోయే వీధికి ఇంతకంటే సరిపోయే పద్ధతి నాకు తెలియదు.

ఇంకో సంగతి కూడా మనసులో ఉంది. మాంటిస్సోరి అంటే మన ఊళ్లలో పెద్ద ఫీజుల బడి బోర్డు మీద పేరుగానే తెలుసు. కానీ అది మొదలైంది ఇలాంటి వాడలోనే. 1907 జనవరి 6న రోమ్‌లో సాన్ లోరెంజో అనే కూలీల పేటలో మొదటి పిల్లల ఇల్లు తెరిచారు. పెద్దలు పనికి పోతే ఇంటి దగ్గర ఉన్న పిల్లలు కొత్తగా బాగుచేసిన గోడలు పాడుచేస్తున్నారని ఆ భవనాల కంపెనీయే గది ఇచ్చింది. మొదట పిల్లల్ని చూసుకున్న అమ్మాయి టీచర్ చదువు చదివిన మనిషి కాదు. టీచర్ ఆ భవనంలోనే కాపురం ఉండాలని నియమం పెట్టుకున్నారు. ఈ ఆఖరి విషయం తర్వాత మాకు చాలా పనికొచ్చింది.

మొదటి ఏర్పాటు, అది ఎందుకు నడవలేదు

పీర్ల చావిడి పక్కన ఉన్న కమ్యూనిటీ హాల్ ఇచ్చారు. సంఘంలోని తల్లులతో కమిటీ వేశారు. టౌన్‌లో ఉంటున్న, మాంటిస్సోరి డిప్లొమా చేసిన టీచరమ్మ రోజూ వచ్చేలా ఏర్పాటు చేశాం. పూర్తి సెట్టు కొనాలంటే లక్షల్లో అవుతుంది కాబట్టి కొలత తప్పితే పనికిరాని వాటినే కొన్నాం. గులాబీ రంగు గోపురంలో పది ఘనాలు ఉంటాయి, ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా, ఒక్కో సెంటీమీటరు తేడాతో. వడ్రంగి దగ్గర చేయించి చూస్తే పక్కపక్క ఘనాలు రెండు దాదాపు ఒకే సైజులో వచ్చాయి. పిల్ల తప్పు పేర్చినా సామానే ఆ తప్పు చూపించాలన్నది ఆ వస్తువు ఉద్దేశం, తేడా కంటికి ఆనకపోతే ఆ ఉద్దేశమే పోతుంది. అందుకే గోపురం, పిడులున్న సిలిండర్ల దిమ్మెలు (ఒక్కో గుంటలో ఒక్కో సైజు సిలిండర్ పట్టే చెక్కలు) కొన్నాం. గుండీలు, హుక్కులు, బొందు ముళ్లు వేసుకునే ఫ్రేములు, ఉప్పు కాగితంతో చేసే గరుకు అక్షరాలు ఇక్కడే చేయించాం. చాపల బదులు పాత చీరల బొంతలు కుట్టించాం. ఎవరి బొంత మీద పని వాళ్లది, ఇంకొకరు దాన్ని తొక్కకూడదు.

మొదట్లో పిల్లలు బాగానే వచ్చారు. తర్వాత ఒక్కొక్కరే తగ్గారు. కమిటీ మీటింగ్ పెడితే ఒకరో ఇద్దరో వచ్చేవాళ్లు, మిగతా వాళ్ల సంతకాలు మినిట్స్ పుస్తకంలో తర్వాత చేరేవి. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. పొద్దున్నే మిల్లుకు పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషి, పిల్లాడు పొద్దున ఏం చేశాడో చూడకుండా ఏం నిర్ణయిస్తుంది? టీచరమ్మకు పిల్లల మీద ప్రేమ ఉంది, పని తెలుసు. కానీ ఉర్దూ రాదు, మధ్యాహ్నం కాగానే బస్సెక్కాలి, వీధికి ఆమె ‘మేడం’గానే ఉండిపోయింది. కొన్నాళ్లకు దగ్గర్లో వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయింది.

అప్పుడు మా ముందున్న దారులు మూడు. తల్లిదండ్రులకు అవగాహన సదస్సు పెట్టడం, హోంవర్క్ ఇచ్చి వాళ్లను సంతోషపెట్టడం, ఫీజు పూర్తిగా తీసేయడం. మూడూ వద్దనుకున్నాం. ఫీజు వల్ల ఎవరూ మానలేదు, అది అడిగి తెలుసుకున్నాం. హోంవర్క్ ఇస్తే దాన్ని రాయించేది ఎవరు, చదువు రాని ఇంట్లో అది దెబ్బలతోనే పూర్తవుతుంది. సదస్సు పెట్టినా కమిటీ మీటింగ్‌కు రాలేని వాళ్లు దానికి మాత్రం ఎలా వస్తారు?

అందుకని ఇంకేమీ మార్చకుండా, పొద్దున పిల్లల్ని ఎవరు తీసుకొస్తున్నారు, మధ్యాహ్నం ఎవరు తీసుకుపోతున్నారు, మానేసిన పిల్లల ఇంటి దగ్గర పగలు ఎవరుంటున్నారు అన్నది మాత్రం రాసుకుంటూ పోయాం. ఆ కాగితం చూశాక ఇక వాదించాల్సిన అవసరం రాలేదు. ఎక్కువ ఇళ్లలో అవ్వలు. కొన్నిట్లో ఎనిమిదేళ్ల అక్క. పిల్లను పంపాలా మానిపించాలా అన్నది పొద్దున పూట అవ్వ అరుగు మీద కూర్చుని తేల్చేస్తోంది. సాయంత్రం కోడలు అడిగితే ‘ఏం లేదులే, ఆడ ఆడుకుంటాండ్రు’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తోంది. మేం వేసిన కమిటీలో అవ్వ ఒక్కరూ లేరు.

అవ్వలు ఏమన్నారు

అవ్వల్ని మీటింగ్‌కు పిలవలేదు, వాళ్లు కూర్చునే అరుగుల దగ్గరికే వెళ్లాం. ఉర్దూ ఇళ్లలో నానమ్మలు, అమ్మమ్మలు కూడా కలిశారు. మొదట మొహమాటపడ్డారు, తర్వాత ఆగలేదు. చెప్పినవన్నీ దాదాపు మూడు విషయాల మీదకే వచ్చాయి.

ఒకటి నీళ్లు. ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి నీళ్లు ఒంపే పని ఈ వయసు పిల్లలకు ప్రాణం. కానీ కొళాయి దగ్గర కొట్లాడి బిందె తెచ్చుకున్న మనిషికి, పిల్లలు నీళ్లు ఒంపుకుంటూ కింద పోస్తుంటే కడుపు రగలదా?

రెండోది గింజలు. జొన్నలు, శనగలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి చెంచాతో వేయడం, కలిపినవాటిని ఏరడం. ఒక పెద్దామె సూటిగా అంది: ‘అన్నం పెట్టే గింజలమ్మా అవి. కాలికింద పడితే కండ్లకద్దుకుంటాం మేము. మీరు ఆటకు పోస్తాండారు.’

మూడోది రాత. ‘పొద్దుపోయేదాంక బుడ్డలు వలిపిస్తే సదువు ఎప్పుడొస్తాది?’ బుడ్డలంటే వేరుశనగ కాయలు.

వీటికి సమాధానాలు నా దగ్గర పుస్తకంలో ఉన్నాయి. చేతిపని వల్ల ఏకాగ్రత వస్తుందని, సిలిండర్ పిడిని మూడు వేళ్లతో పట్టుకోవడమే రేపు పెన్సిల్ పట్టుకోవడమని చెప్పొచ్చు, అవి నిజాలే. కానీ అవ్వల మొదటి రెండు అభ్యంతరాలు పద్ధతి తెలియక వచ్చినవి కావు. నీళ్లూ గింజలూ వృథా చేయకూడదన్నది వాళ్ల బతుకులోంచి వచ్చిన తీర్పు, అది సరైన తీర్పు కూడా. అలా అనుకున్నాకే మిగతా నిర్ణయాలు తేలికయ్యాయి.

ఆ రోజుల్లోనే మా వైపు నుంచి ఒక గీత గీసుకున్నాం. మేం వదులుకోనివి మూడు. గదిలో ఎవరూ పిల్లల మీద చెయ్యెత్తకూడదు. పిల్ల పని మొదలుపెట్టాక, ఆపేదాకా ఎవరూ కదిలించకూడదు, పొద్దున మూడు గంటలు అందుకే. మూడేళ్ల నుంచి ఆరేళ్ల వాళ్లు కలిసే ఉండాలి. వేళలు, ఫీజు, ఏ పనులు అరల మీద ఉండాలి, ఏ పండక్కి సెలవు, గదిలో ఎవరు పనిచేయాలి, ఇవన్నీ అవ్వలూ తల్లులూ కలిసి తేల్చుకునేవి. పాత కమిటీని తీసేయలేదు, అవ్వల్ని చేర్చి, మీటింగ్‌ను అరుగు మీదకి, మధ్యాహ్నం పూటకి మార్చారు. తల్లులకు రాత్రి ఇంట్లో కబురు అందేది.

నీళ్లు, గింజలు, పలక

నీళ్లకు అవ్వలే లెక్క కట్టారు. రోజుకు ఒక బకెట్టు. అది అయిపోతే ఆ రోజుకు నీళ్ల పని లేదు. పిల్లలు చిన్న చెంబుతో తాగే కుండ నింపుతారు, పదకొండు గంటలప్పుడు గ్లాసుల్లో పోసి అందరికీ ఇస్తారు, గ్లాసులు కడిగిన నీళ్లు గుమ్మం పక్కన కానుగ చెట్టుకు పోస్తారు. కింద ఒలికితే గుడ్డతో తుడిచి, గుడ్డ పిండిన నీళ్లూ చెట్టుకే. నాకు ఇందులో ఆశ్చర్యం కలిగించింది ఏమిటంటే, నీళ్లకు హద్దు పెట్టాక పిల్లలు ఒంపే తీరు నెమ్మదించింది. బకెట్టు ఖాళీ అవుతుందని వాళ్లకు కనిపిస్తోంది కదా. ఉత్తుత్తి ఒంపుడు పోయి నిజమైన పని వచ్చింది. మాంటిస్సోరి అడిగింది కూడా నిజమైన పనినే.

గింజల విషయంలో అవ్వల షరతు, ఏరినది వండాలి, వలిచింది తినాలి అని. పిల్లలు వలిచిన బుడ్డలు వేయించుకుని, బెల్లం ముక్కతో అక్కడే తింటారు. ఏరిన శనగలు ఉడకబెట్టి గుగ్గిళ్లు చేస్తారు. చాటలో చెరగడం ఒక అవ్వే నేర్పింది, మా శిక్షణలో ఎక్కడా లేని పని అది, మణికట్టుకు అంతకంటే మంచి పని నేను చూడలేదు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. వీధిలో తినుబండారాలు అమ్మే ఆమె, రోజూ ఒక సంచి బుడ్డలు ఇస్తా, పిల్లలు వలిచిపెడితే సెంటర్‌కు ఎంతో కొంత ఇస్తానంది. సెంటర్‌కు డబ్బు అవసరమే. కొందరు అవ్వలకు అందులో తప్పు కనిపించలేదు, వాళ్లు చిన్నప్పుడు చేసింది అదే. మేం వద్దన్నాం. కారణం వాళ్లకు ఇలా చెప్పాం: ఈ రోజు పిల్ల పది బుడ్డలు వలిచి లేచిపోవచ్చు, రేపు అసలు ముట్టుకోకపోవచ్చు, అది తన ఇష్టం. సంచి ఇచ్చిన మనిషికి సాయంత్రానికి సంచి కావాలి. అప్పుడు పిల్లను కూర్చోబెట్టాలి, కూర్చోకపోతే అదిలించాలి. అది కూలి, మనం పిల్లల్ని తప్పించాలనుకుంటున్నది దాని నుంచే. చాలాసేపు మాట్లాడుకున్నాక అవ్వలే నియమం పెట్టారు, గదిలో చేసింది ఏదీ గడప దాటి అమ్మకానికి పోకూడదని. ఇలాంటి సెంటర్ నడిపేవాళ్లు ఈ నియమాన్ని మొదటి రోజే పెట్టుకోండి. ఇంటి పనులు, వీధి పనులు గదిలోకి తెచ్చినప్పుడు పనికీ కూలికీ మధ్య హద్దు చాలా తొందరగా చెరిగిపోతుంది.

పలకను అరల మీద పెట్టాం, మిగతా పనుల్లాగే అదీ ఒక పని. గరుకు అక్షరాన్ని రెండు వేళ్లతో దిద్ది, ఇసుక పళ్లెంలో రాసిన పిల్ల ఆ తర్వాత పలక తీసుకోవచ్చు. తీసుకోమని ఎవరూ చెప్పరు. అవ్వలకు పలక కనిపించడం కావాలి, మాకు పిల్ల చేతిని బలవంతంగా పట్టి దిద్దించకపోవడం కావాలి. రెండూ కుదిరాయి.

చూసి చెప్పడం

అన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చింది ఒక చిన్న ముక్కాలి పీట. తలుపు పక్కన వేశాం. అవ్వ వచ్చి కూర్చోవచ్చు, మాట్లాడకూడదు, పిలవకూడదు, తన మనవడినో మనవరాలినో చూడాలి అంతే. లేచాక, ఇప్పుడు గదిలో టీచర్‌గా ఉన్న అక్క ఒక్క ప్రశ్నే అడుగుతుంది, వాడు ఏమేం చేశాడో చెప్పండి అని. బాగుందా బాగాలేదా అన్నది అడగదు. అవ్వ చెప్పింది చెప్పినట్టు ఆ పిల్లాడి నోటుబుక్కులో రాస్తుంది.

ఒక అవ్వ చెప్పింది అలాగే రాసి ఉంది: ‘సిలిండర్లు తీసినాడు. పెట్టినాడు. ఒకటి మిగిలింది. మళ్ల అన్నీ తీసినాడు. ఎవురినీ అడగలే. ఇంట్ల గ్లాసు ఇయ్యమన్నా ఏడుస్తాడు, ఈడ ఎవురూ చెప్పకుండానే మళ్ల పెట్టినాడు.’ శిక్షణలో గమనిక రాయడం నేర్పడానికి మేం చాలా కష్టపడతాం, చూసింది రాయమంటే తీర్పులు రాస్తారు. చదువు రాని ఈ అవ్వ చూసింది చూసినట్టు చెప్పింది. ఆ మాటలే సాయంత్రం కోడలికి చేరాయి. ‘ఆడుకుంటాండ్రు’ అన్న మాట పోయి, ఫలానా పని మళ్లీ మళ్లీ చేశాడన్న మాట వచ్చింది. పిల్లల సంఖ్య మళ్లీ పెరగడం ఇక్కడి నుంచే మొదలైంది.

దెబ్బల సంగతి అంత సులువుగా తేలలేదు. ‘దెబ్బ లేకుంటే భయం ఎట్ల?’ అని అందరూ అడిగారు. ఒక రోజు గింజలు ఒలకబోసిన మనవడిని పీట మీద నుంచి లేచొచ్చి ఒక అవ్వ చరిచింది. అక్క ఆమెను మెల్లగా బయటకు తీసుకుపోయి కూర్చోబెట్టింది, పిల్లాడి దగ్గర చీపురు పెట్టి తనూ పక్కన కూర్చుంది. శిక్ష ఏమిటన్నది మేం చెప్పలేదు. మిగతా అవ్వలే ఆ వారం ఆమె పీట మీద కూర్చోకూడదన్నారు. ఇంట్లో కొట్టకండని మేం ఉపన్యాసాలు ఇవ్వలేదు, గడప లోపల మాత్రం ఈ నియమం నిలిచింది, నిలబెట్టింది వాళ్లే.

గదిలో ఎవరు

రెండోసారి టీచర్ కోసం బయట వెతకలేదు. వీధిలోని ఇద్దరిని అవ్వలు, తల్లులు కలిసి ఎంచుకున్నారు, ఒకామె టైలర్, ఒకామె అంతకుముందు మిల్లులో పనిచేసింది. ఇద్దరూ పదో తరగతి వరకు చదివారు. ఒకరింట్లో తెలుగు, ఇంకొకరింట్లో ఉర్దూ. డిప్లొమాకు ఏడాది పాటు పెద్ద ఊళ్లో ఉండాలి, అది వాళ్లకు కుదరదు. కాబట్టి మధ్యాహ్నం పూట ఒక్కో సామానుతో వాళ్లే పిల్లల్లా పని చేసి, తర్వాత ఒకరికొకరు చూపించుకుని నేర్చుకున్నారు. ఇలా నేర్చుకోవడం డిప్లొమాతో సమానం కాదు, గణితం సామాన్లలో ఇప్పటికీ వాళ్లకు మా తోడు కావాలి. అయినా ఈ నిర్ణయమే సరైందని నేను నమ్ముతున్నా. పిల్లాడికి రాత్రి జ్వరం వచ్చిందో, ఇంట్లో గొడవైందో వాళ్లకు పొద్దున్నే తెలుస్తుంది, ఆ రోజు వాడిని ఎలా చూడాలో కూడా తెలుస్తుంది.

పేర్లు చెప్పే పాఠం మూడు మెట్లుగా ఉంటుంది. ఇది నున్నన, ఇది గరుకు. నున్నది ఏదో చూపించు. ఇదేంటి? ఈ మూడో మెట్టులో పిల్ల నోరు తెరవాలి. ఉర్దూ ఇంటి పిల్లలు తెలుగులో అడిగితే ఇక్కడే ఆగిపోయేవాళ్లు, తెలియక కాదు. అందుకని మొదట ఇంటి భాషలో చెప్పి, పేరు నోట్లో కుదిరాక తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. కన్నడ పిల్లలకు ఒక అవ్వ సాయం చేస్తుంది.

అక్షరాల వరస మీద కూడా వాదన జరిగింది. అందరికీ అ ఆ ఇ ఈ కావాలి. మేం త, ల, జ, డ, ప, క, గలతో మొదలుపెట్టాం. గుణింతం గుర్తులు అక్కర్లేకుండా ఈ అక్షరాలు కొన్ని రాగానే పిల్ల తల, జడ, పలక, గడప అని తనే పేర్చుకోగలదు. అచ్చులన్నీ వరసగా నేర్చుకున్నా వాటితో కట్టగలిగే మాటలు చాలా తక్కువ. అమ్మ అని రాయాలంటే ఒత్తు రావాలి, అది తర్వాత. గుణింతం గుర్తులను వేరే రంగులో కత్తిరించి, హల్లు మీద పెట్టి చూపిస్తాం. అక్షరాభ్యాసం, బిస్మిల్లా ఎవరింట్లో వాళ్లు చేసుకుంటారు, అందులో మేం వేలు పెట్టలేదు.

సుగ్గికి పోయొచ్చిన పాప

సీటు ఖాళీ పెట్టాలా, వేరే పిల్లను చేర్చుకోవాలా అన్నది ప్రతి ఏడూ వచ్చే ప్రశ్న. సుగ్గికి పోయిన పిల్ల సీటూ నోటుబుక్కూ అలాగే ఉండాలి, ఆ నెలలకు ఫీజు లేదు అని తేల్చారు. డబ్బుపరంగా ఇది భారమే. అయినా ఈ వీధికి ఈ పద్ధతే ఎందుకన్న ప్రశ్నకు మా సమాధానం ఆ నోటుబుక్కులోనే ఉంది కాబట్టి ఒప్పుకున్నాం.

నాలుగేళ్ల పాప ఒకతి మిరప కోత నుంచి తిరిగొచ్చింది. వెళ్లేముందు సిలిండర్లలో మూడో దిమ్మె చేసేది, గరుకు అక్షరాలు కొన్ని దిద్దేది. వచ్చాక ఏమీ ముట్టుకోలేదు, గోడకు ఆనుకుని చూస్తూ కూర్చుంది. అక్కకు టెన్షన్, వచ్చినవి కూడా మర్చిపోతుందేమో, కాస్త చెప్పి చేయిద్దామా అని. వద్దనుకున్నాం. నెలల పాటు పెద్దవాళ్ల వేగానికి తగ్గట్టు బతికొచ్చిన పిల్ల, తన వేగం తనకు గుర్తు రావాలి కదా. కొన్నాళ్లకు లేచి, చిన్నవాళ్లు చేసే గింజల పని తీసుకుంది. తనకంటే చిన్న పిల్లాడు చెంచా ఎలా పట్టుకోవాలో చూపిస్తే ఊరుకుంది, వయసులు కలిసి ఉండడం వల్ల అందులో నామోషీ లేదు. గరుకు అక్షరాల దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీసేసేది. చూస్తే మిరపకాయల ఘాటుకు వేళ్ల కొసలు పొట్టు లేచి ఉన్నాయి, ఉప్పు కాగితం మండుతోంది. టైలర్ అక్క అవే అక్షరాలు వెల్వెట్ గుడ్డతో కత్తిరించి అట్ట మీద అంటించింది. పాప వాటిని దిద్దింది. వేళ్లు మానాక తనే ఉప్పు కాగితానికి మారింది, ఆ వేసవిలోపే పలక, గడప పేర్చింది. ఇప్పుడు రెండు రకాలూ అర మీదే ఉన్నాయి, ప్రతి ఉగాది తర్వాత వెల్వెట్‌వి తీసుకునే పిల్లలు ఉంటారు.

అంగన్‌వాడీ గురించి క్లుప్తంగా. పిల్లలు మా దగ్గరికి వస్తే తన హాజరు పడిపోతుందని అక్కడి టీచర్‌కు భయం, న్యాయమైన భయమే. అవ్వలు వేళలు సర్దారు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఇక్కడ, తర్వాత అందరూ వరసగా అక్కడికి, భోజనం, గుడ్డు, హాజరు అక్కడే. స్థానిక సామాన్లతో పల్లె పిల్లల కోసం మాంటిస్సోరిని మార్చుకున్న తారాబాయి మోడక్ పనిలోంచే అంగన్‌వాడీ ఆలోచన వచ్చిందని, 1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకం ఐసీడీఎస్ మొదలయ్యే నాటికే అది ఉందని ఆ టీచర్‌కు చెప్పాం. ఇప్పుడు మధ్యాహ్నాలు మా సిలిండర్ దిమ్మెలు అక్కడే ఉంటున్నాయి.

తేలినవి, తేలనివి

వేరే చోట ఇది చేయాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది, కమిటీ వేసేముందు పగటి మనిషిని కనిపెట్టండి. పొదుపు సంఘం ఉంది కాబట్టి సమాజం అంటే అదే అనుకోవడం సులువు, రిజిస్టరు ఉంటుంది, లీడర్ ఉంటుంది. పిల్ల పక్కన పగలు ఉండే మనిషి ఆ రిజిస్టర్‌లో లేకపోవచ్చు. వదులుకోనివి ఏవో ముందే రాసుకోండి, అవి ఎంత తక్కువుంటే అంత మంచిది. మా మూడింటిలో గోపురం లేదు, సిలిండర్లు లేవు. అవి రేపు పోయినా సెంటర్ నడుస్తుంది, మూడు గంటల నిశ్చింత పోతే నడవదు.

తేలనివి కూడా ఉన్నాయి. మొహర్రం రోజుల్లో పీర్ల చావిడికి జనం వస్తారు, హాల్ కూడా వాళ్లకే కావాలి, అప్పుడు గది ఖాళీ చేసి ఒక ఇంటి వసారాలో సర్దుకుంటున్నాం, సామాన్లు కొన్ని పోతున్నాయి. అక్కల జీతాల్లో ఎక్కువ భాగం ఇంకా మా సంస్థే ఇస్తోంది. మగవాళ్లు దాదాపు ఎవరూ పీట మీద కూర్చోలేదు. ఆరేళ్లు నిండి ఒకటో తరగతికి వెళ్లిన పిల్లలు కూర్చోగలుగుతున్నారు, చదవగలుగుతున్నారు, కానీ అడగకుండా లేచి తమకు కావాల్సిన పుస్తకం తెచ్చుకుంటున్నారని అక్కడి టీచర్‌కు ఇబ్బంది. ఆమెను పీట మీదకు పిలిచాం. ఒకసారి వచ్చి చూసింది, మళ్లీ వస్తానంది.

పక్క వీధి వాళ్లు తమకూ కావాలని అడుగుతున్నారు. అక్కడికి ఇంకా సామాను ఒక్కటీ పంపలేదు. ఇక్కడి అవ్వలు ఇద్దరు వెళ్లి ఇంటింటికీ తిరిగి, పగలు ఏ పిల్ల ఎవరి దగ్గర ఉంటోందో అడుగుతున్నారు, టైలర్ అక్క రాసుకుంటోంది. ఆ కాగితం పూర్తయ్యాక గది సంగతి మాట్లాడతాం.